క్రిస్మస్ అలంకరణకు అప్పు ఎందుకు?



క్రిస్మస్ దగ్గరకు వస్తున్నది. డిసెంబరు మొదటి తారీఖు రాకముందే పట్టణాల్లో దుకాణాల ముందు నక్షత్రాలు వ్రేలాడుతాయి. ఇప్పుడు పల్లెల్లోనూ అంతే. సంతకు వెళ్లిన తల్లి చెయ్యి పట్టుకొని పిల్లవాడు ఆ దుకాణము ముందే నిలబడిపోతాడు. ఆమె ధర అడుగుతుంది, ఇంకొకసారి అడుగుతుంది, కొంగు ముడి విప్పి చూచుకొంటుంది. తరువాత ఏమి జరుగుతుందో సంఘ కాపరులందరికీ తెలుసు. నక్షత్రము ఇంటికి వస్తుంది. దానితోపాటు సీరియల్ సెట్టు, థర్మాకోల్ అక్షరాలు, మెరుపుల తోరణాలు కూడా వస్తాయి. కొత్త బట్టలు, పిండివంటలు, మాంసము, గోడలకు రంగులు ఎలాగూ ఉండనే ఉన్నాయి. పండుగ వెళ్లిపోయాక జనవరిలో కుటుంబ ప్రార్థనకు ఇంటింటికీ వెళ్లినప్పుడు, ప్రార్థన అంశము ఏమిటమ్మా అని అడిగితే చాలా ఇళ్లలో వినబడే మాట ఒక్కటే. అప్పు తీరాలని ప్రార్థన చేయండి అయ్యగారూ.

మా ప్రాంతములో నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే దయగల వడ్డీ అనుకొంటారు. పండుగకని 10,000 రూపాయలు తెచ్చుకొంటే నెలకు 300 వడ్డీ. ఏడాది తిరిగేసరికి 3,600 కట్టి ఉంటారు, అసలు మాత్రము అలాగే ఉంటుంది. ఈలోపల మళ్లీ క్రిస్మస్ వస్తుంది. డ్వాక్రా గ్రూపులో గేదె కొనడానికని తీసికొన్న సొమ్ములో కొంత పండుగకు పోయిన ఇళ్లు కూడా ఉన్నాయి. అప్పు చేసినవాడు అప్పిచ్చినవానికి దాసుడౌతాడన్న సంగతి సామెతల గ్రంథము 22వ అధ్యాయములో ఉన్నది. మనలను విడిపించడానికి వచ్చిన రక్షకుని పుట్టుకను ఆచరించబోయి మనమే ఒకరికి దాసులమైతే, అది ఏమి పండుగ?

అట్లని అలంకరణే వద్దని మేము వ్రాయడము లేదు. వీధి అంతా వెలుగుతూ ఉంటే చీకటి పంచలో కూర్చున్న పిల్లవానికి, పండుగ మన హృదయములో ఉండాలి నాయనా అని వాక్యము చెప్పి ఊరుకోబెట్టడము సులువు. పిల్లవాని కష్టము మాత్రము దానితో తీరదు. ఇల్లు అందముగా ఉండాలి. బంధువులు వస్తారు, పాటల బృందము వస్తుంది, ఊరిలో అన్యులు కూడా మన ఇంటివైపు చూస్తారు. ఒక మనిషి ఒక్కరోజు కూలి డబ్బు కూడా ఖర్చు కాకుండా, తరువాత ఊరంతా చెత్త మిగలకుండా ఇంటిని కళకళలాడేటట్లు చేసికోవచ్చు. అది ఎలాగో ఈ నెల చూద్దాము.

నెహెమ్యా గ్రంథము 8వ అధ్యాయము ఒకసారి తీసి చదవండి. చెరనుండి తిరిగి వచ్చిన జనులు పర్ణశాలల పండుగ ఆచరించవలసి వచ్చింది. వారు ధనవంతులు కారు. అప్పు చేసి ధాన్యము కొనుక్కొని తిన్నవారి మొర అదే గ్రంథములో 5వ అధ్యాయములో ఉన్నది. అటువంటి జనులు కొండకు వెళ్లి ఒలీవ కొమ్మలు, ఖర్జూరపు మట్టలు, గుబురు చెట్ల కొమ్మలు తెచ్చి ఇండ్ల మిద్దెల మీద, ముంగిళ్లలో పర్ణశాలలు కట్టుకొన్నారు. బజారులో కొన్నది ఒక్కటీ లేదు. ఆ దినమున వారికి కలిగిన సంతోషము బహు గొప్పదని అక్కడే వ్రాయబడి ఉన్నది.

మన ప్రొటెస్టెంటు సంఘముల చరిత్రలో కూడా ఇటువంటిదొకటి ఉన్నది. జర్మనీలోని హాంబర్గు నగరములో యోహాన్ హిన్రిచ్ విఖెర్న్ అనే లూథరన్ సేవకుడు దిక్కులేని బీదపిల్లలకు ఒక ఆశ్రమము నడిపేవారు. క్రిస్మస్ ఎప్పుడు, ఎప్పుడు అని పిల్లలు రోజూ అడుగుతూ ఉంటే, 1839లో ఆయన ఒక పాత బండి చక్రము తీసికొని, దాని మీద ఆదివారములకు పెద్ద కొవ్వొత్తులు, మామూలు రోజులకు చిన్న కొవ్వొత్తులు నిలిపి, రోజుకొకటి వెలిగించడము మొదలుపెట్టారు. ఈనాడు పెద్ద పెద్ద దేవాలయాలలో ఆగమన కాలములో పెట్టే ఆకుల చుట్టు, దానిమీద నాలుగు కొవ్వొత్తులు అక్కడినుండి వచ్చినవే. విరిగిన బండి చక్రాలు మన పశువుల కొట్టములలో ఎన్ని పడి ఉండడము లేదు?

అమెరికాలో ఉన్న మన పిల్లలు అక్టోబరు 31న పంపే ఫోటోలు కొందరు చూచే ఉంటారు. ఇంటిముందు గుమ్మడికాయలను తొలిచి కళ్లు, నోరు చెక్కి, లోపల దీపము పెడతారు. హాలోవీన్ అంటారు. సకల పరిశుద్ధుల దినమునకు ముందురాత్రి అని ఆ మాటకు అర్థము. 1517లో మార్టిన్ లూథర్ తన 95 వాదములను ప్రకటించినదీ అదే తారీఖు గనుక లూథరన్ సంఘములవారు దానిని సంస్కరణ దినముగా ఆచరిస్తారు. దయ్యాల వేషాలతో మనకు పనిలేదు. రక్షణ పొందిన దినమున గుమ్మానికి కట్టిన దిష్టి గుమ్మడికాయను విప్పి పారవేసినవారము, మళ్లీ అమెరికానుండి ఇంకొక గుమ్మడికాయను తెచ్చుకోవడము ఎందుకు? అయితే అక్కడి పల్లెల్లో ఒక మంచి పద్ధతి ఉన్నది. ఆ నెలలో చేనిలో ఏది పండితే దానితోనే వాకిలి సింగారిస్తారు. గుమ్మడికాయలు, మొక్కజొన్న చొప్ప, గడ్డి మోపులు. పాతకాలములో ఐర్లండు దేశములో టర్నిప్ దుంపలు చెక్కేవారు. అక్కడివారు అమెరికా వెళ్లిన తరువాత, ఆ నేలలో దొరికే గుమ్మడికాయను పట్టుకొన్నారు. మనము కూడా డిసెంబరులో మన పొలములో, మన పెరడులో ఏమి ఉన్నదో ముందు చూచుకొంటే సగము పని అయినట్లే.

ఇక ఇంటి సంగతికి వద్దాము. అలంకరణలో మొదటిది శుభ్రము. గూళ్లు దులిపి, అటక మీది పాత సామాను దించి, వాకిలి చదును చేస్తే ఇల్లు సగము అందముగా కనబడుతుంది. మట్టి గోడలకూ, పాత గచ్చు గోడలకూ దుకాణపు రంగులకన్న సున్నమే మేలు. సున్నపు రాళ్లను ముందురోజే పెద్ద కుండలో లేక ఇనుప డ్రమ్ములో నీళ్లు పోసి ఉడకనివ్వాలి. ఆ సమయములో పిల్లలను దగ్గరకు రానివ్వకూడదు. ఉడికే సున్నము కంటిలో పడితే చూపు పోయే ప్రమాదము ఉన్నది. రాత్రంతా నానిన తరువాత పలుచని గుడ్డలో వడకట్టి, కొంచెము గంజి, గుప్పెడు ఉప్పు కలిపితే చేతికి అంటుకోదు. తెలుపు తేలాలంటే చిటికెడు నీలిమందు. ఒక్కసారి చిక్కగా పూయడము కంటె రెండుసార్లు పలుచగా పూస్తే మంచిది. అడుగున జానెడు ఎత్తు ఎర్రమట్టి పట్టీ తీస్తే మిగిలిన అలంకరణ ఏమీ లేకపోయినా అది పండుగ ఇల్లే.

నక్షత్రమును గురించి కొంచెము ఎక్కువ వ్రాస్తాము, ఎందుకంటే డబ్బు ఎక్కువగా పోయేది దానికే. దుకాణములో అమ్మే ప్లాస్టిక్ నక్షత్రము ఒక ఏడాది ఎండకే పెళుసెక్కి చిట్లిపోతుంది. ఇంటిలో కట్టిన వెదురు నక్షత్రము చట్రము జాగ్రత్తగా దాచుకొంటే ఏళ్ల తరబడి ఉంటుంది, కాగితము మాత్రము మార్చుకోవాలి. మేదరవారి దగ్గర బుట్టలకు పనికిరాక మిగిలిన బద్దలు అడిగితే ఇస్తారు. రెండడుగుల పొడవువి పది బద్దలు, నాలుగైదు అంగుళాల పుల్లలు ఐదు కావాలి. పలకమీద చెయ్యి ఎత్తకుండా నక్షత్రము గీస్తాము కదా, అదేవిధముగా ఐదు బద్దలను నేలమీద పరచి, ఒకటి పైకి ఒకటి క్రిందికి వచ్చేలా అల్లి, ఐదు కొసలను దారముతో గట్టిగా కట్టాలి. మిగిలిన ఐదు బద్దలతో అటువంటిదే ఇంకొకటి. రెండింటినీ ఒకదానిమీద ఒకటి పెట్టి కొసలు మాత్రమే కలిపి కట్టండి. తరువాత మధ్యలో బద్దలు ఒకదానినొకటి దాటే ఐదు చోట్ల, రెండు చట్రముల నడుమ ఒక్కొక్క చిన్న పుల్ల నిలబెట్టి కట్టితే నక్షత్రము పొట్ట పొంగి నిలుస్తుంది. ఈ పుల్లలు పెట్టేటప్పుడు ఇద్దరు ఉండాలి. ఒకరు చట్రమును ఎడముగా పట్టుకొంటే రెండవవారు కట్టాలి.

దానిమీద గాలిపటాల కాగితము అతికించండి. సంక్రాంతి కోసము ఆ కాగితము డిసెంబరుకే దుకాణాల్లోకి వస్తుంది. జిగురు కొననక్కరలేదు. రెండు చెంచాల మైదాపిండి గ్లాసు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగమీద చిక్కబడేదాకా కలియబెడితే చాలు. పురుగు పట్టకుండా మైలుతుత్తము వేసేవారు ఉన్నారు గాని, అది విషము. చిన్నపిల్లలు చేతులు పెట్టే పనిలో అది వద్దు. పాత తెల్ల పంచె గుడ్డను గంజిపెట్టి ఆరవేసి అతికిస్తే కాగితముకంటె ఇంకా గట్టిగా ఉంటుంది, మంచుకు తడిసినా చిరగదు. వెనుకవైపు ఒక ముక్క అతికించకుండా వదిలిపెట్టాలి, బల్బు పెట్టడానికి.

నక్షత్రానికి ఎన్ని కొసలు ఉండాలని ఒక యౌవనస్థుడు మమ్మును అడిగాడు. మత్తయి సువార్తలో లెక్క వ్రాయబడలేదు. 1830ల కాలములో జర్మనీలోని నీస్కీ అనే ఊరిలో మొరేవియన్ సహోదరుల పాఠశాలలో, లెక్కల పాఠము నేర్పడానికి పిల్లలచేత అనేక కొసలున్న కాగితపు నక్షత్రమును చేయించారట. ఈనాటికీ ఆ సంఘములవారి ఇళ్లలో అదే నక్షత్రము. బడిపిల్లలు చేసిన కాగితపు వస్తువు దాదాపు రెండు వందల సంవత్సరములుగా లోకమంతా తిరుగుతున్నదంటే, మన సండే స్కూలు పిల్లల చేతి పనిని చిన్నచూపు చూడనక్కరలేదు.

ఇప్పుడు దీపము. ఇక్కడ మేము కొంచెము గట్టిగానే చెప్పవలసి ఉన్నది. నక్షత్రము లోపల కొవ్వొత్తి గాని, నూనె దీపము గాని పెట్టవద్దు. గాలికి అది కాగితమునకు అంటుకొంటే పైన తాటాకు కప్పు, పక్కన కోతలైపోయి కొత్తగా వేసిన గడ్డివాము. ఒక్క నిమిషములో వీధి అంతా పోతుంది. పాతరకము 60 వాట్ల బల్బు కూడా వద్దు, దాని వేడికి కాగితము మాడుతుంది. 5 వాట్ల ఎల్‌ఇడి బల్బు చాలును. రోజుకు 6 గంటల చొప్పున 30 రోజులు వెలిగినా అది కాల్చే కరెంటు ఒక యూనిట్టుకన్న తక్కువే. అదే 60 వాట్ల బల్బు అయితే 11 యూనిట్లకు దగ్గరగా అవుతుంది.

రేకుల ఇళ్లవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. వైరు పైపొర ఊడి రేకుకు తగిలితే ఇల్లంతా కరెంటు పాకుతుంది. రేకుకు తగలకుండా వెదురు కర్రమీదుగా వైరు తీసికొని రావాలి. బట్టలు ఆరవేసే తీగకు సీరియల్ సెట్టు చుట్టకూడదు. క్రితము ఏటి సెట్టులో వైరు తెగిన చోట ముడివేసి వదిలిపెట్టి ఉంటే దానిని పారవేయండి, లేదా తెలిసిన పనివానిచేత సరిచేయించండి. పండుగ నెలరోజులే కదా అని స్తంభము మీది తీగకు కొక్కెము తగిలించేవారు ఉన్నారు. విద్యుత్ చట్టము 2003 ప్రకారము అది నేరము. ప్రాణము మీదికి వచ్చే పని కూడా. దేవుని కుమారుని జన్మదినమునకు దొంగ కరెంటుతో వెలుగు పెట్టడమేమిటని ఊరిలో అన్యుడు అడిగితే మనము ఏమి జవాబు చెప్పగలము?

దొంగతనము మాట వచ్చింది గనుక క్రిస్మస్ చెట్టును గురించి కూడా చెప్పాలి. కోస్తా ఊళ్లలో మనవారు సరుగుడు కొమ్మను నిలబెడతారు. చూడడానికి అది చాలా అందముగా ఉంటుంది, రెండువారాలు పచ్చగానే ఉంటుంది. అయితే యౌవనస్థులు రాత్రివేళ ఎవరి తోటలోనో పడి లేత చెట్లను మొదలంటా నరికి తెచ్చి దేవాలయములో నిలబెట్టడము కొన్నిచోట్ల ఆచారమైపోయింది. తోట యజమాని మరునాడు వచ్చి గుడిముందు కేకలు వేస్తే, సందేశము చెప్పవలసిన కాపరి తల వంచుకోవలసి వస్తుంది. పగటివేళ వెళ్లి అడగండి. సరుగుడు కొట్టేటప్పుడు ప్రక్క కొమ్మలు ఎలాగూ చెక్కివేస్తారు, వాటిని సంతోషముగా ఇస్తారు. సరుగుడు దొరకని తెలంగాణ, రాయలసీమ పల్లెలవారు ఒక ఎండు తుమ్మ కొమ్మకు సున్నము పూసి, ఇసుక నింపిన కుండలో నిలబెట్టి చూడండి. ముళ్లు ఉన్నవి గనుక పూలు గుచ్చడానికి దారము కూడా అక్కరలేదు. పత్తి పండించే ఊళ్లలో పత్తి కట్టెనే నిలబెట్టవచ్చు. తీయకుండా మిగిలిన పత్తి కాయలు తెల్లగా విచ్చుకొని ఉంటాయి. దుకాణములో థర్మాకోల్ పూసలు కొని మంచు అని చల్లుకోవడముకంటె అది వేయిరెట్లు నయము. అసలు మన ఊళ్లలో మంచు అంటే తెల్లవారుజామున పొలాల మీద పరచుకొనే మంచే గదా.

ఈ చెట్టు పెట్టడమే తప్పు అనే సహోదరులు ఉన్నారు. యిర్మీయా 10వ అధ్యాయము చూపిస్తారు. అడవిలో చెట్టు నరకడము, వెండి బంగారములతో అలంకరించడము, కదలకుండా మేకులు కొట్టడము అన్నీ అక్కడ ఉన్న మాట నిజమే. అయితే ప్రవక్త అక్కడితో ఆగలేదు. అది మాట్లాడదు, నడవదు, దానిని మోయవలసి వస్తుంది, దానికి భయపడకండి అని ఆ తరువాత చెప్పాడు. అంటే పనివాడు చెక్కి మ్రొక్కడానికి నిలబెట్టిన విగ్రహమును గురించి ఆ మాటలు. మన పిల్లలు సరుగుడు కొమ్మకు మ్రొక్కడము లేదు. మామిడి తోరణము సంగతి కూడా ఇటువంటిదే. మామిడి ఆకును చేసినది దేవుడే. అయితే మీ సంఘములో పాత ఆచారములనుండి బయటకు వచ్చిన పెద్దవారు ఎవరైనా ఆ తోరణమును చూచి నొచ్చుకొంటే, రోమా 14వ అధ్యాయము ప్రకారము ఆ సహోదరుని కొరకు దానిని మానివేసి కొబ్బరాకులు అల్లి కట్టండి. ఈ విషయములో రెండు పక్షాలుగా చీలి దేవాలయము ముందు వాదులాడుకోవడముకన్న గుమ్మము ఖాళీగా ఉండడమే మేలు.

డిసెంబరు కోతల కాలము. వరి కంకులను ఈనెలతో సహా కోసికొని, కుచ్చులుగా అల్లి చూరుకు కట్టే విద్య గోదావరి, కృష్ణా ప్రాంతాల పెద్దలలో ఇంకా కొందరికి తెలుసు. బంగారు రంగులో అవి వ్రేలాడుతూ ఉంటే ఏ మెరుపు కాగితము వాటికి సాటిరాదు. పండుగ తరువాత వాటిని అలాగే వదిలివేస్తే పిచ్చుకలు వచ్చి తింటాయి. చేతకానివారు తాతగారినో, మామ్మగారినో అడిగి ఈ ఏడు నేర్చుకోండి. ఆ విద్య తెలిసినవారు ఏటేటా తగ్గిపోతున్నారు. తాటాకుతో చిలుకలు, చిన్న నక్షత్రాలు అల్లేవారు కూడా అంతే. బంతి, చేమంతి పూలు ఈ నెలలో విరివిగా ఉంటాయి. పెరడులో ఉంటే సరే, లేకపోతే పొరుగువారితో మార్పిడి చేసికోండి. పాత క్యాలెండర్ల కాగితాలను వేలెడు వెడల్పున కత్తిరించి, ఒకదానిలో ఒకటి దూర్చి అతికిస్తే గొలుసులౌతాయి. ఐదేళ్ల పిల్లలు కూడా ఆ పని చేయగలరు, ఆ కొంతసేపూ ఇల్లు ప్రశాంతముగా ఉంటుంది.

పశువుల పాక పెట్టే కుటుంబములవారు రాగులు గాని, ఆవాలు గాని డిసెంబరు 14, 15 తారీఖులలో పళ్లెములో మట్టిపోసి చల్లుకొంటే పండుగనాటికి పచ్చని గడ్డి మొలుస్తుంది. రోజూ కొద్దిగా నీళ్లు చిలకరించాలి. బొమ్మలు కొననక్కరలేదు. చెరువు బంకమట్టితో పిల్లలే చేస్తారు. గొఱ్ఱె కుక్కలాగా వచ్చినా మనము నవ్వకూడదు. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే కొండ పల్లెలో అస్సీసీ ఫ్రాన్సిస్ పశువుల పాకను ఏర్పాటు చేసినప్పుడు రంగుల బొమ్మలు పెట్టలేదు. నిజమైన ఎద్దును, గాడిదను, ఎండుగడ్డి నింపిన తొట్టిని పెట్టి ఊరివారిని పిలిచాడు. మన ఇళ్లలో ఎద్దూ ఉన్నది, తొట్టీ ఉన్నది, గడ్డీ ఉన్నది. పశువుల కొట్టమును శుభ్రము చేసి అక్కడే ఒక రాత్రి కుటుంబ ప్రార్థన పెట్టుకొని లూకా 2వ అధ్యాయము చదువుకొన్న కుటుంబము ఒకటి మాకు తెలుసు. ఆ పిల్లలకు ఆ అధ్యాయము వేరే వివరించనక్కరలేకపోయింది. పాకలోని బొమ్మలకు మ్రొక్కేది లేదని మాత్రము పిల్లలకు మొదటే చెప్పండి.

థర్మాకోల్ మాటకు మళ్లీ వస్తున్నాము. అలంకరణకు వాడే థర్మాకోలును, ప్లాస్టిక్ జెండాలను, బుడగలకు పెట్టే ప్లాస్టిక్ పుల్లలను కేంద్ర ప్రభుత్వము 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషేధించింది. అయినా చాటుమాటుగా అమ్ముతూనే ఉన్నారు, మనము కొంటూనే ఉన్నాము. అది మట్టిలో కుళ్లదు. కాల్చితే వచ్చే నల్లని పొగ పసిపిల్లల ఊపిరికి మంచిది కాదు. క్రొత్త సంవత్సరపు ఆరాధన అయిన మరునాడు దేవాలయపు ఆవరణలో పోగైన చెత్తలో ఊరి పశువులు నోళ్లు పెట్టడము చాలా ఊళ్లలో కనబడుతుంది. పండుగ భోజనపు వాసన అంటిన ప్లాస్టిక్ సంచిని ఆవు సంచితో సహా మ్రింగుతుంది. ఆ ఆవు ఒక బీద రైతు ఇంటిదై ఉంటుంది. సంఘ పెద్దలు ఈ సంవత్సరము పందిరి వేసేవానికి ముందుగానే చెప్పాలి. అరటి బోదెలు, కొబ్బరాకులు, పూలు, రంగు కాగితాలు చాలును. మందిరమే థర్మాకోల్ మానకపోతే ఇళ్లవారికి చెప్పే నోరు మనకు ఉండదు.

ఇంకొక సంగతి ఉన్నది. క్యారల్ రౌండ్లకు వెళ్లే బృందములు ఏ ఇంటిమీద నక్షత్రము పెద్దగా వెలుగుతుందో ఆ ఇంటి ముందు నాలుగు పాటలు పాడి, చీకటిగా ఉన్న ఇంటి ముందు ఒక చరణముతో ముగించి వెళ్లిపోతున్నారు. పెద్ద ఇంటిలో కేకు, టీ ఉంటాయి, కానుక కూడా ఉంటుంది. పిల్లలను తప్పు పట్టడము లేదు, రాత్రి చలిలో తిరిగేవారికి టీ అవసరమే. అయితే చీకటి ఇంటిలో ఉన్నది ఎవరు? కుమారులు హైదరాబాదుకో గల్ఫుకో వెళ్లిపోయిన ముసలి దంపతులు, చిన్నబిడ్డలున్న విధవరాలు, మంచముపట్టిన మనిషి. వారు నక్షత్రము పెట్టనిది భక్తి లేక కాదు, పైకి ఎక్కి కట్టేవారు లేక. మా సంఘములో క్రితము ఏడు యౌవనస్థులకు ఒక మాట చెప్పాము. రౌండ్లు మొదలుపెట్టకముందు శనివారము ఒక పూట కూర్చుని పదకొండు నక్షత్రాలు కట్టారు. వెదురు ఒక విశ్వాసి ఇచ్చారు, కాగితము, బల్బులు స్త్రీల సమాజము వారు తెచ్చారు. ఎవరికి కావాలి అని మందిరములో లేచి అడగలేదు. అలా అడిగితే ఎవరూ చెయ్యి ఎత్తరు. పెద్దమ్మా, కట్టడము నేర్చుకొంటున్నాము, ఎక్కడ కట్టాలో చూపించండి అని వెళ్లారు. ఒక ముసలమ్మ మొదట వద్దన్నది, కరెంటు బిల్లు వస్తుందని. బల్బు లెక్క చెప్పిన తరువాత ఒప్పుకొన్నది. తరువాత ఫిబ్రవరి దాకా విప్పనివ్వలేదు.

కొనవలసినవి కొన్ని ఉంటాయి, అది మాకు తెలియనిది కాదు. బల్బు, వైరు, దారము, కాగితము, సున్నము కొనాలి. వాటి లెక్క ఒక కాగితము మీద వ్రాసికొని సంతకు వెళ్లండి. గోపురము కట్టగోరినవాడు ముందుగా కూర్చుండి లెక్క చూచుకొంటాడని ప్రభువు చెప్పిన ఉపమానము లూకా 14లో ఉన్నది. పిల్లవానిని వెంట తీసికొని వెళ్లేటట్లయితే, మనము ఇంటికి వెళ్లి ఏమి కట్టబోతున్నామో దారిలోనే చెప్పండి. బద్దలు చీరే పని వాడికి అప్పగిస్తానని చెబితే దుకాణము ముందు ఎక్కువసేపు నిలబడడు. చాకు మాత్రము పెద్దవారి చేతిలోనే ఉండాలి.

జ్ఞానుల రాకను జ్ఞాపకము చేసికొనే జనవరి 6వ తారీఖు దాకా అలంకరణ ఉంచి, ఆ మరునాడు దించండి. ఆకులు, పూలు, గడ్డి పెంటకుప్పలో వేయవచ్చు, అయితే దారాలు, తీగ ముక్కలు ముందు తీసివేయాలి. మట్టి బొమ్మలు నీళ్లలో కరిగిపోతాయి, పిల్లలు ఏడిస్తే ఒక గొఱ్ఱెను గూటిలో ఉంచండి. నక్షత్రము నుండి బల్బు విప్పి డబ్బాలో పెట్టుకొని, చట్రమును పాత చీరలో చుట్టి, ఎండు వేపాకు వేసి, ఎలుకలు అందుకోకుండా దూలానికి వ్రేలాడదీస్తే వచ్చే సంవత్సరము కాగితము ఒక్కటే కొనుక్కొంటారు.

దేవుని చిత్తమైతే, జనవరి సంచికలో ఇంటి జమాఖర్చు పుస్తకము వ్రాసికొనే పద్ధతిని గురించి వ్రాస్తాము. ఈ క్రిస్మస్‌కు మీ ఇంటిలో అయిన ఖర్చు లెక్క కాగితము అప్పటివరకు పారవేయకుండా ఉంచండి.